ఎడం చేతి పిడి

దేవదానం పిడి వేసిన కత్తి చేతిలోంచి జారదని ఏలూరు చేపల మార్కెట్లో పేరు. ఆ పేరు జనం ఇచ్చింది కాదని, ఆయనే కనబడినవాళ్లందరికీ చెప్పుకుని తెచ్చుకున్నాడని ఆయన భార్య వరమ్మ అంటుంది. ఎవరి మాట ఎలా ఉన్నా, కొల్లేటి లంకల నుంచీ, ఆకివీడు, గణపవరం వైపు నుంచీ చేపలు కోసేవాళ్లు కాలవగట్టు మీదున్న ఆయన రేకుల షెడ్డు వెతుక్కుంటూ వస్తారు. చెక్క పిడి నాలుగు రోజులు చేప జిగురులో నానిందంటే సబ్బుబిళ్లలా తయారవుతుంది. ప్లాస్టిక్ పిడి మాట దేవదానం దగ్గర ఎత్తనే కూడదు, ఒళ్లు మండిపోతుంది. రబ్బరు పిడి ఒక్కటే ఎంత తడిసినా పట్టు వదలదు.

ఆయన పనికి ఒక పద్ధతి ఉంది. కత్తి కావాలని వచ్చినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి, పుల్లకు పట్టించిన బంకమట్టి ముద్ద ఒకటి చేతికిస్తాడు. "కత్తి పట్టుకున్నట్టే పట్టుకోండి. మొహమాటపడకండి" అంటాడు. ముద్ద మీద అయిదు వేళ్లూ అచ్చు పడతాయి. అది ఎండాక దాన్ని ముందు పెట్టుకుని, లారీ టైరు ముక్కలో ఒక్కో వేలికీ ఒక్కో గాడి తీస్తాడు. బొటనవేలు ఆనుకోవడానికి పక్కన చిన్న మెట్టు తీస్తాడు. కత్తి అలుగులు తాడేపల్లిగూడెంలో పాండురంగారావు కొలిమి నుంచి వస్తాయి. ఆయన కొడతాడు, ఈయన పిడి వేస్తాడు. ఇద్దరిలో ఎవరి పని గొప్పదన్నది ఇంతవరకూ తేలలేదు, తేలాలని ఇద్దరికీ లేదు.

ఇంతటి పనిమంతుడూ సొంత కోడలి కత్తి దగ్గర పొరపాటు చేశాడు.

కొడుకు నెల్సన్ చేపల ఐసు వ్యాను నడుపుతాడు. లంక గ్రామాల వైపు తిరిగీ తిరిగీ అక్కడి పిల్లనే ఇష్టపడి, పెద్దలను ఒప్పించి చర్చిలో పెళ్లి చేసుకున్నాడు. పిల్ల పేరు జ్యోత్స్న. నోట్లో నాలుక లేని పిల్ల. పిలిస్తే పలుకుతుంది, పలికితే చివర "అండీ" ఉంటుంది. ఇంకో మావగారైతే కొత్తకోడలికి చీరో, గాజులో పెట్టి ఊరుకునేవాడు. దేవదానం ఆ పిల్లను షెడ్డులోకి పిలిచి, "నీకో కత్తి చేస్తాను తల్లీ. చెయ్యి ఇయ్యి" అన్నాడు. జ్యోత్స్న తలవంచుకుని కుడిచెయ్యి చాపింది. మట్టి ముద్ద పట్టుకోమంటే పట్టుకుంది. అచ్చు వదులుగా, చిన్నపిల్లలు పలక బలపం పట్టుకున్నట్టు పడింది. సిగ్గుపడుతోంది కాబోలనుకుని, తన అనుభవం కొద్దీ గాళ్లు కాస్త లోతుగానే తీశాడు.

ఆ పిడికి ఆయన వాడింది మామూలు రబ్బరు కాదు. ఈ కాలం లారీ టైర్లన్నిట్లోనూ ఇనప తీగలే, కోస్తే కత్తులు పాడవుతాయి. దెందులూరులో ఒక రైతు దగ్గర తీగ లేని పాత ట్రాక్టరు టైరు దొరికితే, అందులో మంచి ముక్క ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నాడు. అది కోడలికి తీశాడు. తయారయ్యాక దాన్ని తానే మూడుసార్లు పట్టుకు చూసుకుని మురిసిపోయాడు.

ఇక వరమ్మ సంగతి. మార్కెట్లో వంతెన వైపు గుమ్మం దగ్గర ఒక చింత మొద్దు ఉంది. ఆ మొద్దు మీద ముందు వరమ్మ అత్తగారు చేపలు కోసింది, ఆవిడ చేతుల్లోంచి వరమ్మకు వచ్చింది. ఇప్పుడు వరమ్మ కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా కూడా లేవదు. ఇక కత్తి ఎత్తావంటే నా దగ్గరకు రాకమ్మా అని డాక్టరు కోప్పడ్డాడు. వరమ్మ పెద్దగా బెంగపడలేదు. కొల్లేటి పిల్ల కోడలిగా వచ్చింది, మొద్దు దానికి అప్పజెప్పి పక్కన కూర్చుని బేరాలు మాట్లాడుకుంటానని మార్కెట్టంతా చెప్పిపెట్టింది.

తీరా జ్యోత్స్న కత్తి పట్టుకుంటే చూసేవాళ్లకే భయం వేసింది. పొలుసు సగం ఊడేది, సగం ఉండిపోయేది. ఒక ముక్క ఇటుకంత, ఇంకో ముక్క ఆకంత. ఒక చేప పూర్తయ్యేలోపు పక్క మొద్దుల దగ్గర నాలుగు బేరాలు తెగేవి. పాత ఖాతాదారులు మొహమాటానికి కొన్నాళ్లు ఓర్చుకుని, ఆ తరువాత "వరమ్మా, నువ్వే ఓ వేటు వెయ్యరాదూ" అనడం మొదలుపెట్టారు. ఆమె పళ్లు బిగించి భుజం లేపేది. రాత్రికి ఇంట్లో మూలుగులు.

ఆ వారం మధ్యలో వరమ్మ సహనం అయిపోయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర మొగుడి ముందు కంచం పెడుతూనే అందుకుంది.

"ఏమండీ, ఇది కొల్లేటి పిల్లంటే నేను నమ్మనండీ. చేపకే జాలేసేలా కోస్తంది."

"నేర్చుకుంటదిలేవే."

"ఎప్పుడండీ? నా భుజం ఊడి కింద పడ్డాకా? ఈ ఆదివారం దాకా చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే మా అన్నయ్య కూతురు ఏంజెల్ని తెచ్చి మొద్దు దగ్గర కూచోబెడతాను. ఈ పిల్లని రొయ్యల షెడ్డుకి పంపుదాం. తెల్లారకుండా వ్యాను వస్తది, ఎక్కి పోతది. దాని తప్పేం లేదు, దానికి ఆ పని రాదంతే."

తలుపు వెనక జ్యోత్స్న నిలబడి ఉంది. దేవదానం చూశాడు. ఆ పిల్ల పెళ్లికి ముందు రొయ్యల షెడ్డులోనే పనిచేసింది. రోజంతా ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు వలిచి వలిచి గోళ్ల చుట్టూ తోలు లేచిపోయేదని, అన్నం కలుపుకుంటే మంటకు కళ్లనీళ్లు వచ్చేవని నెల్సన్ ఒకసారి తల్లితో చెబుతుంటే విన్నాడు. మళ్లీ అక్కడికే అంటే ఆ పిల్ల మొహం ఎలా మాడిపోయిందో చూసి ఆయన కంచం పక్కకు జరిపాడు. ఆ పిల్లకు కావలసింది పెద్ద కోరికేమీ కాదు. ఎండలో ఒక మొద్దు, ఎదురుగా నలుగురు మనుషులు, వాళ్లతో రెండు మాటలు. ఆ మొద్దు ఆదివారంతో పోతుంది.

ఆ సాయంత్రం పదును పెడతానని చెప్పి కోడలి కత్తి షెడ్డులోకి తెచ్చుకున్నాడు. రబ్బరు మీద పని గుర్తులు పడతాయి. కొన్నాళ్లు వాడేసరికి అరచెయ్యి ఆనిన చోట నునుపు తేలుతుంది, బొటనవేలి మెట్టు మీద మెరుపు వస్తుంది. ఈ పిడి మీద మెట్టు కొత్తగానే ఉంది. గాళ్లలో తాను తోమిన ఆకురాయి గీతలు కూడా చెరగలేదు. మెట్టుకు అవతలి పక్క, ఏ వేలూ ఆనకూడని చోట మాత్రం రబ్బరు కొద్దిగా అరిగింది. ఇదెక్కడి పట్టు? దేవదానానికి ఏమీ తోచలేదు. తోచకపోతే మనిషి తన గురించే ఆలోచిస్తాడు కదా, ఆయనా అంతే చేశాడు. నా పిడి దానికి నచ్చలేదు, చెప్పడానికి భయపడి ఏదో ఒకలా పట్టుకుంటోంది అనుకున్నాడు. కాసేపు కోపం వచ్చింది, కాసేపు బాధ వేసింది. రెండూ కలిపి ఒక బీడీ కాల్చి, గాళ్లు ఇంకాస్త లోతు చేసి ఇచ్చేశాడు.

మర్నాడు వరమ్మ భుజానికి కరెంటు పెట్టించుకోవడానికి ఆస్పత్రికి వెళ్లింది. టైర్ల షాపు మూసి ఉండడంతో దేవదానం వెళ్లినంత తొందరగా ఇంటికి తిరిగొచ్చాడు. దొడ్లో నీళ్ల చప్పుడు వినబడి అటు నడిచాడు.

నెల్సన్ పొద్దున్న వ్యాను దిగుతూ పడేసి వెళ్లిన కొరమేనుల సంచి విప్పి ఉంది. కొరమేను మహా జారుడు చేప, పైగా ఎంతసేపైనా ప్రాణంతోనే ఉంటుంది. చెయ్యి తిరిగినవాళ్లు కూడా బూడిద పూసి, రెండు తిట్లు తిట్టి గాని దాన్ని లొంగదీయలేరు. జ్యోత్స్న పీట వేసుకుని కూర్చుని, కూనిరాగం తీస్తూ ఒకదాని తరువాత ఒకటి శుభ్రం చేస్తోంది. చేతిలో ఉన్నది దేవదానం చేసిన కత్తి కాదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న, రెండు పక్కలా నూరిన పాత కత్తి. పిడికి సైకిలు ట్యూబు చుట్టి ఉంది. పొలుసు ఒక్క ఊపులో లేచిపోతోంది. రెక్కలు తెగాయి, పొట్ట తెరుచుకుంది, ముక్కలు ఒకే మందాన వరసగా పడ్డాయి. వరమ్మ మంచి వయసులో ఉన్నప్పుడు కూడా ఇంత తేలిగ్గా కోయలేదు. ఈ మాట ఆయన వరమ్మతో ఎన్నడూ అనడు, అది వేరే సంగతి.

కత్తి ఎడం చేతిలో ఉంది.

దేవదానానికి ముందు సంతోషం వేసింది. మంచి పని కళ్లెదురుగా జరుగుతుంటే పనివాడికి కలిగే సంతోషం అది. ఆ వెంటనే పిడి మీద అవతలి పక్క అరుగుదల గుర్తొచ్చి, ఒళ్లంతా సిగ్గు కమ్మింది. ఏదో అడుగుల చప్పుడు అయ్యుండాలి. జ్యోత్స్న తల ఎత్తి చూసి, గభాలున కత్తి కుడి చేతిలోకి మార్చుకుంది. ఎడం చెయ్యి కొంగులో దాచుకుంది.

"మావయ్యగారూ, ఎప్పుడొచ్చారండీ? మంచినీళ్లు తేనాండీ?"

"నీళ్లు తరవాత. ఆ చేత్తోనే కొయ్యమ్మా. నేను చూశాను."

జ్యోత్స్న కత్తి కింద పెట్టేసింది. "మానేస్తానండీ. ఎవరూ లేరు కదాని... అత్తయ్యగారికి చెప్పకండి మావయ్యగారూ."

"మానెయ్యమని నేననలేదే. మరి అచ్చు తీసిన రోజు ఈ ముక్క చెప్పొచ్చుగా తల్లీ? పుర్రచెయ్యని ఒక్క మాటంటే సరిపోయేదిగా?"

"మీరు చెయ్యి ఇయ్యమన్నారండీ" అంది ఆ పిల్ల, ఇందులో చెప్పడానికి ఏముందన్నట్టు. "మావగారికి ఎడం చెయ్యి ఎవరిస్తారండీ?"

ఇన్నేళ్లుగా ఎందరో దేవదానం ముందు కూర్చుని చెయ్యి చాపారు. అందరూ కుడిచెయ్యే చాపారు. పెద్దవాళ్లకు, పనివాళ్లకు, ముక్కూమొహం తెలియనివాళ్లకు కూడా మనవాళ్లు ఎడం చెయ్యి చాపరు. ఏ చేత్తో కోస్తావని ఆయన ఎన్నడూ ఎవరినీ అడిగింది లేదు. అడగాలని తట్టనే లేదు. ఆ అచ్చుల్లో ఇలాంటి వదులు అచ్చులు ఇంకెన్ని ఉన్నాయో, ఇంకెంతమంది తాను మెచ్చుకుంటూ ఇచ్చిన కత్తిని ఇంటికి పట్టుకెళ్లి తంటాలు పడ్డారో.

మెల్లగా మిగతాదంతా బయటికొచ్చింది. పంపేటప్పుడు వాళ్లమ్మ ప్రార్థన చేయించి మరీ మాట తీసుకుందట, అత్తవారింట్లో ఎడం చెయ్యి ముందుకు రానీయకూడదని. మార్కెట్లో అయితే అసలు రాకూడదని. బోణీవేళ ఎడం చేత్తో ముక్కలు అందిస్తే ఆ రోజు బేరమంతా ఏట్లో కలిసిపోతుందని మార్కెట్టు మార్కెట్టంతా నమ్ముతుంది. ఆదివారం పొద్దున్నే చర్చిలో మోకరించి వచ్చే వరమ్మ కూడా బోణీ దగ్గరకు వచ్చేసరికి అందరికన్నా నాలుగాకులు ఎక్కువే.

"నెల్సన్‌కి తెలుసా?"

"తెలుసండీ. మెల్లగా అలవాటవుద్దిలే అన్నారండీ."

దేవదానం కొడుకును మనసులో ఒక మాట అనుకున్నాడు. అది ఇక్కడ రాయడం బాగుండదు.

"మరి ఈ పాత కత్తే పట్టుకెళ్లకపోయావా? దీంతో ఏ చెయ్యయినా ఒకటేగా."

"మీరు అంత ప్రేమగా చేసిచ్చారు కదండీ" అంది జ్యోత్స్న. "దాన్ని ఇంట్లో పడేసి ఇది ఎలా పట్టుకెళ్లనండీ? ఎవరూ చూడనప్పుడు దాన్నే చెయ్యి మార్చి పట్టుకుంటానండీ, కానీ ఆ గాళ్లు గుచ్చుకుంటాయండీ."

ఆ మాట ఆయన గుండెల్లో దిగింది. పిల్లకు సుఖంగా ఉండాలని లోతుగా తీసిన గాళ్లు, నిన్న ఇంకాస్త లోతు చేసిన గాళ్లు. షెడ్డులోకి వెళ్లి కూర్చున్నాడు. భోజనానికి పిలిచేదాకా బయటికి రాలేదు.

తెల్లవారగానే పాసింజరు బండి ఎక్కి తాడేపల్లిగూడెం వెళ్లాడు. పిడి ఒక్కటే మారిస్తే చాలదు. అక్కడి అలుగులకు పదును ఒక పక్కనే ఉంటుంది. కుడిచేతి కత్తిని ఎడం చేత్తో పడితే వేటు పక్కకు పోతుంది. పాండురంగారావు కొలిమి ముందు కూర్చుని ఇనుము కాలుస్తున్నాడు.

"ఆచారిగారూ, నాకో అలుగు కావాలండి. పదును ఇటు కాకుండా అటు పక్కన పెట్టాలి."

పాండురంగారావు తల తిప్పి చూశాడు. "అటు పెడితే ముక్క అడ్డంగా తెగుద్దయ్యా."

"ఎడం చేత్తో కోస్తే తిన్నగా తెగుద్దండీ."

"ఎడం చేతి కత్తా? మా నాన్న కొట్టలేదు, నేను కొట్టలేదు. ఎవరూ అడగందే."

"ఎందుకడుగుతారండీ? మిమ్మల్ని చూస్తేనే సగం మందికి మాట పడిపోద్ది."

పాండురంగారావుకు ముక్కు మీద కోపం. అయినా దేవదానం మొహంలో ఏదో కనబడింది. ఎవరికని అడిగాడు. కోడలికని విన్నాక ఇంకేమీ అడగలేదు. గునుస్తూనే లారీ కమాను ముక్క కొలిమిలో పెట్టి, అలవాటు లేని పక్కన నూరడానికి రెండుసార్లు ఆగి ఆలోచించుకుని, మధ్యాహ్నం బండి వేళకు అలుగు చేతిలో పెట్టాడు. "పిల్లకి సరిపోయిందో లేదో ఫోన్ చేసి చెప్పు" అన్నాడు.

మర్నాడు శనివారం. వరమ్మ ఒక్కతే మార్కెట్టుకు వెళ్లింది, జ్యోత్స్నకు ఇంటి పని అప్పజెప్పి. ఆ అప్పజెప్పడంలోనే రేపటి నిర్ణయం సగం తెలిసిపోయింది. దేవదానం కోడలిని షెడ్డులోకి పిలిచి మట్టి ముద్ద తయారు చేశాడు.

"చెయ్యి ఇయ్యమ్మా."

కుడిచెయ్యి దానంతటదే లేచింది.

"అది కాదు తల్లీ."

జ్యోత్స్న చెయ్యి దించుకుంది. గుమ్మం వంక చూసింది, ఆయన మొహం వంక చూసింది. ఎడం చెయ్యి కొంగులోంచి బయటికి రాలేదు. పెద్దల ముందు ఇన్నేళ్లూ దాచుకున్న చెయ్యి ఒకరు అడగ్గానే ఎలా వస్తుంది? దేవదానం మట్టి ముద్దను తన ఎడం చేతిలోకి మార్చుకుని ముందుకు చాపాడు.

"నేను ఎడం చేత్తోనే ఇస్తన్నా. నువ్వూ ఎడం చేత్తోనే తీసుకో. ఇద్దరం ఒకే తప్పు చేస్తే తిట్టేవాళ్లుండరు."

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. ఆ ఇంట్లో కాలు పెట్టాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. ముద్ద అందుకుని పట్టుకుంది. ఈసారి అచ్చు గోళ్లతో సహా లోతుగా దిగింది. దేవదానం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఇదీ చెయ్యంటే" అన్నాడు.

పని మాత్రం చెప్పినంత తేలిక కాలేదు. ఆయన చేతులు కుడి పిడులకే అలవాటు పడ్డాయి. సబ్బునీళ్లు చల్లుకుంటూ రబ్బరు కోస్తూ కోస్తూ, ఏదో ధ్యాసలో బొటనవేలి మెట్టు మళ్లీ పాత పక్కనే తీసేశాడు. ముక్క పాడైంది. ట్రాక్టరు టైరు రబ్బరు ఇక మిగల్లేదు. తీగల టైరుతో కోడలికి పిడి వెయ్యడానికి మనసొప్పలేదు. చుట్టూ వెతికి, చివరికి తన కిందకు చూసుకున్నాడు. ఆయన కూర్చునే పీట ఆ ట్రాక్టరు టైరులోదే, ముందుగా దళసరి ముక్క కోసి చేసుకున్నాడు. లేచి, దాన్ని తిరగేసి, మధ్యలోంచి కోశాడు.

పిడిలోకి దిగే తోకకన్నా సన్నగా రంధ్రం వేసి, అలుగును తడి గోనెలో చుట్టి, తోక ఎర్రగా కాల్చాడు. పటకారుతో పట్టుకుని రబ్బరులోకి దింపితే షెడ్డంతా నల్లటి పొగ కమ్మింది. జ్యోత్స్న దగ్గుతూనే పక్కన నిలబడింది, పొమ్మన్నా పోలేదు. చల్లారాక అడ్డంగా చీల కొట్టి బిగించాడు. రబ్బరు ఇనుమును కరుచుకుంది. అప్పుడు మొదలైంది అసలు పని. తడి కత్తితో పొరలు పొరలుగా చెక్కడం, ఆకురాయితో తోమడం, ఆమె చేతికివ్వడం, మళ్లీ తీసుకోవడం.

"ఎక్కడన్నా గుచ్చుకుంటందా?"

"లేదండీ."

"నిజం చెప్పు."

"లేదండీ, బాగుందండీ." కాస్త ఆగింది. "చిటికెన వేలు దగ్గర కొంచెం ఇరుకుగా ఉందండీ."

దేవదానానికి ఆ ఫిర్యాదు ఎంత తియ్యగా వినబడిందో చెప్పలేం. ఇరుకు తీశాడు. ఇంకోటి చెప్పమన్నాడు. పిల్లకు ధైర్యం వచ్చి, మెట్టు కాస్త వెనక్కి ఉంటే బాగుణ్ణంది. మెట్టు వెనక్కి జరిపాడు. సాయంత్రానికి పిడి ఆమె చేతిలో ఒదిగిపోయింది. ఇప్పుడిక ఆయన చేతుల్లో ఏమీ లేదు. వరమ్మకు ముందే చెబుదామా అని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే ఇంట్లోనే వద్దనేస్తుంది, కత్తి మార్కెట్టు మొహం చూడదు. ఊరుకున్నాడు.

ఆదివారం మొదటి ఆరాధన ముగించుకుని ముగ్గురూ చర్చి నుంచి నేరుగా మార్కెట్టుకు వెళ్లారు. దేవదానం మార్కెట్టుకు రావడమే వింత, అందులో తెల్లచొక్కాతో. వరమ్మ అడిగితే ఊరికే అన్నాడు. మార్కెట్టు అప్పటికే నిండుతోంది. గుడ్డ విప్పి జ్యోత్స్న కత్తి బయటికి తీసింది, ఎడం చేత్తో పట్టుకుని మొద్దు ముందు కూర్చుంది.

"అదేంటే?" అంది వరమ్మ. "చెయ్యి మార్చు. బోణీవేళ ఎడం చెయ్యేంటి?"

"అదే దాని చెయ్యి" అన్నాడు దేవదానం.

"ఏం మాట్లాడుతున్నారండీ మీరు?"

పక్క మొద్దుల వాళ్లు తలలు తిప్పారు. ప్రతి ఆదివారం బొచ్చె చేప కొని వరమ్మకు బోణీ చేసే రామలక్ష్మి టీచరు సంచితో అప్పుడే వచ్చి, సంగతి చూసి, "ఒక చుట్టు తిరిగొస్తాను వరమ్మా" అని వెనక్కి తగ్గింది. ఆవిడ మెత్తగానే అంది, దెబ్బ మాత్రం గట్టిగానే తగిలింది. జ్యోత్స్న మొహం పాలిపోయింది. కత్తి కుడి చేతిలోకి మారబోయింది.

దేవదానం మొద్దుకు ఇటుపక్క నుంచి అటుపక్కకు, కొనేవాళ్లు నిలబడే చోటికి వెళ్లి నిలబడ్డాడు. "నాకో శీలావతి కొట్టమ్మా. కూర ముక్కలు. ఆ చేత్తోనే."

"మన మొద్దు దగ్గర మీరు కొనడం ఏంటండీ?" వరమ్మ గొంతు పెరిగింది.

"బేరానికొచ్చాను. నువ్వుండు." జేబులోంచి నోటు తీసి మొద్దు పక్కన పెట్టాడు. నలుగురిలో నిలబడి మాట్లాడడం ఆయనకు కొత్తేం కాదు. వరమ్మకు ఎదురు చెప్పడం కొత్త.

జ్యోత్స్న చేపను లాక్కుంది. మొదటి వేటు తడబడింది. రెండోది పడింది. ఆ తరువాత ఆ పిల్ల చుట్టూ ఎవరున్నారో మరిచిపోయింది. పొలుసు చిట్లి గాల్లో లేచింది, పొట్ట శుభ్రమైంది, అలుగు మొద్దును తాకిన ప్రతిసారీ ఒకే శబ్దం. చిటికెలో ముక్కలన్నీ సంచిలో పడ్డాయి. అందించేవేళకు మాత్రం పాత భయం లేచి, సంచి కుడి చేతిలోకి మార్చుకుంది. దేవదానం చెయ్యి చాపలేదు. అలాగే నిలబడ్డాడు. ఆమెకు అర్థమైంది. సంచిని ఎడం చేతిలోకి తీసుకుని ఇచ్చింది.

ఆయన రెండు చేతులతో అందుకుని, అంతమందిలో ఆ చేపల సంచిని కళ్లకద్దుకున్నాడు. నీచునీళ్లు తెల్లచొక్కా నిండా కారాయి.

"చొక్కా!" అని అరిచింది వరమ్మ. సంచి లాక్కుని, ఆ కోపంలోనే లోపలికి చూసింది. వేలితో ముక్కలు ఒక్కొక్కటే తిరగేసింది. ఒక్కదానికీ వంక పెట్టడానికి లేదు. చేపలు కోస్తూ తల పండించుకున్న మనిషి, అబద్ధం ఆడడానికి ఆమె వల్ల కాలేదు.

"ఎవరు నేర్పారే నీకు?"

"మా అమ్మండీ. అద్దంలో చూసినట్టు ఎదురుగా కూచోబెట్టుకుని నేర్పిందండీ. మా అమ్మది కుడిచెయ్యేనండీ."

"ఇంతొచ్చి ఇన్నాళ్లూ కుడి చేత్తో ఎందుకు చచ్చావే?"

"మీరేమన్నా అనుకుంటారనండీ" అంది జ్యోత్స్న, తల ఎత్తకుండా.

వరమ్మకు రొయ్యల షెడ్డు అన్న తన మాటే గుర్తొచ్చి ఉంటుంది. నొప్పి భుజం పట్టుకుని లేచింది. అత్తగారి రోజుల నుంచీ మొద్దుకు కుడిపక్కనే ఉండే నీళ్ల బకెట్టును రెండో చేత్తో ఎత్తింది. నీళ్లు తొణుకుతుంటే మొద్దు చుట్టూ తిరిగి తెచ్చి ఎడం పక్కన దింపింది. వెనక్కి వెళ్లి పొలుసుల తట్ట కూడా తెచ్చింది. జ్యోత్స్న లేవబోతే చేత్తో ఆపింది.

"నువ్వు కూచో. నీ చేతికి నీళ్లు ఇటే అందాలి కదే."

చివరికి తన పీట కూడా ఎత్తి, కోడలి మోచెయ్యి తగలకుండా కుడివైపుకు జరుపుకుని కూర్చుంది. ఊపిరి తీసుకుని, మార్కెట్టంతా వినబడేలా కేకేసింది.

"టీచరుగారూ, రండి! బోణీ అయిపోయింది. మీ బొచ్చె మా కోడలు కోస్తది."